ఒకే కోటు, ఐదు మొహాలు

ఆగండి, ఆగండి! ఎక్కడికా పరుగు? చేతిలో పని కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చోండి. టీ చల్లారితే మళ్ళీ వేడి చేసుకోవచ్చు, ఈ కథ చల్లారితే నా వల్ల కాదు. కూర్చున్నారా? అయితే వినండి.

"నేరం ఈ భూగోళంలో ఏ మూల జరిగినా సరే, దాని వాసన మొట్టమొదట సోకేది ఈ ముక్కుకే!"

ఇలా ప్రకటించి జలంధర్ తన ముక్కు మీద చూపుడువేలితో టకటకా తట్టుకున్నాడు. తొంభై నాలుగు డిసెంబరు, శుక్రవారం మధ్యాహ్నం, దోహాలో ఒక మూడంతస్తుల బిల్డింగు మెట్ల మీద. సరిగ్గా ఆ క్షణంలో కింది ఫ్లాట్‌లో ఎవరిదో చేపల పులుసు అడుగంటి మాడిపోయి, మెట్లన్నీ పొగ కమ్మేసింది. ఆ వాసన మాత్రం ఆ ముక్కుకు సోకలేదు. వారం రోజులుగా జలుబు.

పక్కన నిలబడ్డ షఫీ దగ్గుతూ తలూపాడు. తలూపడం అతనికి అలవాటైపోయింది. పొద్దున్నుంచీ ఇది ఎన్నో ప్రకటనో లెక్కపెట్టడం మానేశాడు.

షఫీ వాళ్ళ నాన్న రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ టైలరింగ్ షాపు నడుపుతున్నాడు. షఫీదీ, జలంధర్ చెల్లెలు సునందదీ ఇక్కడి ఇండియన్ స్కూల్లో పన్నెండో తరగతి. జలంధర్ మాత్రం హైదరాబాదు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. అంటే, హాస్టల్లో ఉంటున్నాడు. కాలేజీలో సమ్మె మొదలయ్యేసరికి వాళ్ళ నాన్న వేణుగోపాలరావుగారు విజిట్ వీసా తీయించి పిలిపించుకున్నారు. వచ్చిన దగ్గర్నుంచీ ఊరు చూపించమని ఒకటే గోల. అందరూ ఊరు చూడ్డమంటే కోటలూ సముద్రమూ చూస్తారు. జలంధర్ ఏది చూసినా అనుమానంగానే చూస్తాడు.

జేబులో అచ్చేయించిన కార్డులు కూడా ఉన్నాయి. "డిటెక్టివ్ జె. - నీడను కూడా వదలడు." హాస్టల్లో పోయిన సబ్బు కేసును తనే ఛేదించానని చెప్పుకుంటాడు. సబ్బు ఎత్తుకెళ్ళింది వార్డెనేనని నలభై మంది ముందు నిరూపించాడట. ఆ తర్వాత సబ్బు జలంధర్ బకెట్లోనే దొరికింది, వారం రోజులు హాస్టల్ బయట ఉండాల్సి వచ్చింది. ఆ ముక్క సునంద చెబితే తెలిసింది.

"అన్నా, ఆ పెన్ను నోట్లకెళ్ళి తీయవయా, ఇంకు కారుతది," అంది సునంద మెడలో కెమెరా వేసుకుంటూ.

"ఇది పెన్ను కాదు సునందా. ఆలోచనకు ఊతకర్ర. మహా మేధావులు చుట్ట పెట్టుకుంటారు, నేను ఆరోగ్యం కోసం పెన్ను పెట్టుకుంటా."

"నీ పెదాలు నీలంగైనయ్."

"మారువేషం!"

కింద హారన్ మోగింది. ఓబులయ్య వచ్చేశాడు.

ఓబులయ్యది షఫీ వాళ్ళ ఊరే. ఊరి చివర అల్ ఘర్రాఫాలో ఒక అరబ్బు ఇంట్లో హౌస్ డ్రైవర్. ఆ పొడుగాటి తెల్ల కారు ఆ ఇంటిదే, పెళ్ళిపందిరంత ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం కాసేపు వాడుకోమని ఆ ఇంటి మేడమ్ ఇస్తుంది, రెండు షరతుల మీద. పొద్దుగూకే వేళ మసీదులో మగ్రిబ్ అజాన్ వినబడేసరికి కారు గేటు ముందు ఉండాలి, ఎందుకంటే ఆ ఇంటి ముసలమ్మను కూతురింటికి తీసుకెళ్ళాలి. రెండోది, పరాయివాళ్ళెవరూ కారు మీద చెయ్యి వేయకూడదు.

"అబ్బీ షఫీ, నువ్వు అడిగినావని వచ్చినా," అన్నాడు ఓబులయ్య, కారు తుడిచిన గుడ్డను నాలుగు మడతలు పెడుతూ. "వచ్చే వారం నా లీవు. మూడేండ్ల తర్వాత పోతాండా. నేనిక్కడికి వచ్చినాక బిడ్డ పుట్టె. ఇంతవరకు దాని మొగం సూళ్ళా. పాస్‌పోర్టు వాళ్ళ కాడనే ఉండాది, టికెట్టు వాళ్ళే తీయాల. ఈ వారంలో ఒక్క మాట పడినా, ఒక్క గీత పడినా లీవు ఖల్లాస్. తెలిసిందా?"

"తెలిసింది మామా. మగ్రిబ్‌కు ముందే గేటు కాడ ఉంటాం," అన్నాడు షఫీ.

"నిశ్చింతగా ఉండు ఓబులయ్యా!" అన్నాడు జలంధర్ ముందు సీట్లో కూలబడుతూ. "నేను ఉన్న చోట కారుకు గీత పడదు."

అంటూ తలుపు లాక్కున్నాడు. సీటు బెల్టు సగం బయటే ఉండిపోయింది. ఓబులయ్య దిగి వచ్చి, తలుపు తీసి, బెల్టు లోపల పెట్టి, తలుపు పాపాయిని పడుకోబెట్టినట్టు మూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.  

ముందు మ్యూజియం. పాతకాలపు రాజభవనం అది, కార్నిష్‌కు ఈ చివర ఉంటుంది. కార్నిష్ అంటే సముద్రం ఒడ్డంతా చుట్టి వచ్చే రోడ్డు. లోపల సునంద ముత్యాల కోసం మునిగేవాళ్ళ ముక్కు క్లిప్పులు చూసింది, షఫీ పాత పడవలు చూశాడు. జలంధర్ అద్దాల తొట్టిలో ఉన్న సముద్రపు తాబేలును భూతద్దంతో చూసి, "ఇది ఏదో దాస్తోంది," అన్నాడు.

"ఏం దాస్తది? తలకాయ దాస్తది. నిన్ను చూసి," అంది సునంద.

బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, తాటిచెట్టులా. మెరూన్ రంగు కోటు, ఎర్ర టై, నల్ల కళ్ళద్దాలు. అక్కడ ఆగి ఉన్న ఎవరిదో ఖరీదైన కారుకు ఆనుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని దూరంగా దిక్కులు చూస్తున్నాడు. ఎదురుగా ఇంకో మనిషి చిన్న కెమెరాతో అతన్ని ఫోటో తీస్తున్నాడు. క్లిక్కు మనగానే ఇద్దరూ గబగబా అక్కణ్ణించి నడిచి వెళ్ళిపోయారు.

జలంధర్ పెన్ను కొరికాడు. "షఫీ! చూశావా?"

"ఏందన్నా?"

"పైన చూస్తే లండన్ కోటు. కింద చూస్తే రబ్బరు చెప్పులు! మారువేషం పై నుంచి మొదలుపెట్టి, కింది దాకా రాకముందే పనికి బయల్దేరాడు. ఎంత కంగారు! ఎంత పెద్ద పని మీద ఉంటే అంత కంగారు!"

"చెప్పులు కాళ్ళకు సుఖంగా ఉంటాయనేమో అన్నా."

"సుఖం కోరేవాడు నేరాల్లోకి రాడు."

కార్నిష్‌లో పెద్ద ముత్యపుచిప్ప ఫౌంటెన్ దగ్గర ఓబులయ్య కారు ఆపాడు. శుక్రవారం కాబట్టి జనం తిరనాళ్ళలా ఉన్నారు. లేబర్ క్యాంపుల నుంచి బస్సుల్లో వచ్చిన పనివాళ్ళు గుంపులు గుంపులుగా గడ్డి మీద కూర్చున్నారు. అన్ని దేశాల భాషలూ గాలిలో కలిసిపోయి వినిపిస్తున్నాయి.

"మీరు పోయి సూసుకోని రాండి. నేను కారు కాడ్నే ఉంటా, యాడికీ పోను," అన్నాడు ఓబులయ్య. గుడ్డ తీసి బానెట్ తుడవడం మొదలుపెట్టాడు.

వాళ్ళు ఫౌంటెన్ దాటారో లేదో, మళ్ళీ అదే కోటు. ఈసారి లోపల ఉన్నది పొట్టి మనిషి, గుండ్రంగా, కోటు బొత్తాలు ప్రాణాల మీదకు తెచ్చుకునేంత బిగుతుగా. వేరే ఎవరిదో పచ్చ కారు పక్కన నిలబడ్డాడు, కారు తలుపు మీద చెయ్యి ఆనించి. క్లిక్. వెంటనే మెడలోంచి టై ముడి విప్పకుండానే దండలా తీసేశాడు.

జలంధర్ షఫీ మోచేయి నలిపేశాడు. "వాడే! ఒకే మనిషి!"

"అన్నా, మొదటి ఆయన ఆరడుగులు. ఈయన మన సునందంత ఉన్నాడు."

"అదే వాడి ప్రతిభ! ఎత్తు తగ్గించుకున్నాడు, ఒళ్ళు పెంచుకున్నాడు, మొహం మార్చుకున్నాడు. ఒక్క కోటు మార్చుకోవడం మర్చిపోయాడు. ఎంతటి నేరస్థుడైనా ఎక్కడో ఒక్క తప్పు చేస్తాడు షఫీ! బహురూపి... అంతర్జాతీయ బహురూపి! ఖరీదైన ప్రతి కారునూ నంబరుతో సహా ఫోటో తీయిస్తున్నాడంటే అర్థం ఏంటి?"

"ఏంది?" అంది సునంద.

"రాత్రికి ఒక్కొక్కటే మాయం చేస్తారు. ఓడలో ఎక్కిస్తారు. అరేబియా సముద్రం దాటిస్తారు!"

"నువ్వు ఇంకు మింగినవన్నా. నెత్తికెక్కింది."

షఫీకి కూడా ఆ కోటు సంగతి వింతగానే అనిపించింది. అతనెప్పుడూ క్యాంపుల వైపు వెళ్ళలేదు. స్కూలు, ఇల్లు, నాన్న షాపు, అంతే. కానీ దొంగలు ఇంత పబ్లిగ్గా నవ్వుకుంటూ పోతారా? వాళ్ళ వెంటపడదామని జలంధర్ జనంలో కాసేపు అటూ ఇటూ తిప్పాడు. చివరికి ఒక ఐస్‌క్రీం బండి దగ్గర దారి తప్పిపోయారు. అక్కడ మూడు ఐస్‌క్రీములు తిని, సముద్రాన్ని కాసేపు చూసి వెనక్కి వచ్చారు.

వచ్చేసరికి ఓబులయ్య కారు చుట్టూ గిరగిరా తిరుగుతున్నాడు. కింద చూస్తున్నాడు, టైరు కింద చూస్తున్నాడు, జేబులు బయటికి లాగి వేలాడదీశాడు.

"ఏమైంది మామా?"

"తాళం చెవి! తాళం చెవి లేదబ్బీ! ఇత్తడి కాఫీ కూజా బొమ్మ ఉన్నింది సూడు, ఆ తాళం. యాడ పడిపాయనో!" మళ్ళీ టైరు కిందికి వంగాడు. "ఇంకొక తాళం ఇంట్లో ఉండాది. ఫోన్ చేస్తే వాళ్ళ కొడుకు తెస్తాడు. తెచ్చినాక నా టికెట్టు చించి గాలికి ఇడుస్తాడు. దేవుడా, పొద్దు సూస్తే వాలిపోతాండాది!"

సునంద మొహంలో నవ్వు పోయింది. షఫీకి చేతిలో మిగిలిన ఐస్‌క్రీం పుల్ల ఒక్కసారిగా బరువెక్కింది. జలంధర్ మాత్రం రెండు చేతులూ రుద్దుకున్నాడు.

"ఎవరూ కదలొద్దు! ఇది నేరస్థలం!" భూతద్దం తీసి ఓబులయ్య మెడ దగ్గర పెట్టాడు. "ఆహా! షఫీ, ఇటు రా. మెడ మీద తెల్లటి పొడి. మత్తు పొడి! వెనకనుంచి వచ్చి చల్లారు. ఓబులయ్యా, నీకు కళ్ళు తిరిగాయా?"

"లేదు బాబూ."

"తిరిగే ఉంటాయి. గుర్తుండదు. అదే ఆ పొడి మహిమ."

షఫీ దగ్గరికి వెళ్ళి చూశాడు. నిజమే, మెడ మీద, చెవుల వెనక తెల్లగా ఉంది. వాసన చూస్తే టాల్కం పౌడరు. అంతేకాదు, ఓబులయ్య జుట్టు తడిపి, పాపిడి తీసి, నున్నగా దువ్వి ఉంది. ఇందాక వచ్చినప్పుడు అలా లేదు.

"మామా, నువ్వు ఇక్కడ్నించి యాడికన్నా పోయినావా?"

"యాడికీ పోలేదు!" అన్నాడు ఓబులయ్య, మరీ గట్టిగా. తర్వాత షఫీ కళ్ళల్లోకి చూడకుండా, "నేను మ్యూజియం దిక్కు ఒకసారి సూసొస్తా. మీరు ఇటు పక్క ఎతకండి. బండి కాడ సునందమ్మ ఉండనీ," అంటూ లుంగీ కట్టుకున్నవాడు పరుగెత్తినట్టు ప్యాంటు పైకి లాక్కుంటూ ఉరికాడు. చదువుకున్న బంధువు ఇంటికి వస్తే గోడ మీద ఫోటోలు దాచేసుకునే మనిషి మొహంలా ఉంది ఆయన మొహం.

"చూశావా షఫీ! బాధితుడే భయపడి పారిపోతున్నాడు. ముఠా బెదిరించింది!" అన్నాడు జలంధర్. "మన దారి ఒక్కటే. మెరూన్ కోటు! కోటు దొరికితే తాళం దొరుకుతుంది. పద!"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. జలంధర్ జీవితంలో మొట్టమొదటిసారి ఒక నిజం మాట్లాడాడు. ఆ సంగతి అతనికే తెలియదు.

కార్నిష్ వెంట పరుగు. ముందు జలంధర్, వంగి వంగి, ఒక్కో ఖర్జూరపు చెట్టు వెనకా దాక్కుంటూ. వెనక షఫీ, మామూలుగా నడుస్తూ. ఆ చెట్లు సన్నగా ఉంటాయి, జలంధర్ అలా ఉండడు. దారిలో ఒక ఫిలిప్పీన్ జంట అతన్ని చూసి, పాపం కడుపునొప్పి అనుకుని మంచినీళ్ళ సీసా ఇవ్వబోయారు.

"వద్దు! మత్తుమందు!" అని ఆ సీసాను తోసేశాడు.

"అన్నా, వాళ్ళు నిన్ను చూసి జాలిపడుతున్నారు."

"జాలి నేరస్థుల మొదటి ఆయుధం."

చివరికి చెక్క పడవలు ఆగే జెట్టీ దగ్గర కనబడింది కోటు. ఈసారి లోపల ఒక పెద్ద మీసాల పెద్దాయన. నీళ్ళ మీద తేలుతున్న ఒక అందమైన పడవ వెనక కనబడేలా నిలబడి, గడ్డం పైకెత్తి, ఓడ కొనడానికి వచ్చినవాడిలా చూస్తున్నాడు. చుట్టూ నలుగురైదుగురు. కెమెరా పట్టుకున్న మనిషి ఒక కన్ను మూసి అరుస్తున్నాడు.

"మామా, జర నవ్వు! పైసలున్నోని లెక్క నవ్వు! గట్ల ఏడుస్తవేందే? ఊరోళ్ళు జూస్తే గిర్వి పెట్టిన కోటు అనుకుంటరు!"

తెలుగు! షఫీ నవ్వుకున్నాడు. జలంధర్ మాత్రం గుండె పట్టుకున్నాడు.

"మన భాష కూడా నేర్చుకున్నారు షఫీ! ముఠా ఎంత లోతైందో చూడు. నువ్వు ఇక్కడే ఉండు. నేను ఆ చేపల బుట్టల వెనక నుంచి వెళ్ళి, మాటలు విని, సమయం చూసి..."

"అన్నా, పోయి అడిగితే పోతుంది గదా, తాళం చూసినారా అని."

"అడగడం పోలీసుల పద్ధతి!"

అక్కడ తీగలతో అల్లిన పెద్ద పెద్ద చేపల బుట్టలు గోపురంలా పేర్చి ఉన్నాయి. ఆ వెనక జెట్టీ అంచు. చేపలు దించిన చోటు కాబట్టి బండ మీద జిగురు. జలంధర్ పిల్లిలా రెండడుగులు వేశాడు. మూడోది పిల్లి వేసినట్టు లేదు. కాలు ముందుకు, ఒళ్ళు వెనక్కు, చెయ్యి బుట్టకు. గోపురం మొత్తం గడగడలాడి కూలింది. "అరె అరె అరె, షఫీ, పోయినరా!" అని, అప్పటిదాకా పుస్తకాల్లోలా మాట్లాడిన నోటితో సొంత ఊరి భాషలో ఒక్క కేక పెట్టి, జలంధర్ దబ్బుమని సముద్రంలో పడ్డాడు.

నీళ్ళు నడుము లోతే. కానీ జలంధర్ మునిగిపోతున్నట్టే చేతులు కొట్టుకున్నాడు. ఆ ముఠా మొత్తం ఒక్కసారిగా దూకినంత పని చేసింది. ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకరు కాలరు పట్టుకున్నారు. బియ్యం బస్తాను లారీ మీదికి విసిరినట్టు పైకి లాగి పడేశారు.

"ఎవల పోరడు గీడు? గిట్ల పడ్డవేందిరా బిడ్డా?" అన్నాడు కెమెరా మనిషి. అతని పేరు గంగన్న, జగిత్యాల దగ్గరి మనిషి, కన్‌స్ట్రక్షన్ సైటులో పని. "అయ్యో, పెదాలు జూడుండ్రి, నీలంగైనయ్! సలికి సస్తున్నడు!"

ఇంకు సంగతి చెబుదామని షఫీ నోరు తెరిచాడు. అప్పటికే గంగన్న మీసాల పెద్దాయన ఒంటి మీంచి కోటు లాగేసి జలంధర్‌కు తొడిగేశాడు. ఎర్ర టై కూడా వేద్దామా అని ఇంకొకతను అడిగాడు.

డిసెంబరు గాలి. తడి బట్టలు. జలంధర్ పళ్ళు టకటకలాడుతుంటే రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకున్నాడు.

ఆగిపోయాడు.

కుడిచెయ్యి మెల్లగా బయటికి తీశాడు. ఆ చేతి వేలికి ఇత్తడి కాఫీ కూజా వేలాడుతోంది. కూజా కింద తాళం చెవి.

ఒక్క క్షణం అతని మొహంలో ఏమీ లేదు. పరీక్షలో తెలియని ప్రశ్నకు పక్కవాడి పేపర్లో జవాబు కనబడ్డప్పుడు ఉండే మొహం. తర్వాత ఛాతీ పొంగింది, కోటు బొత్తాం ఒకటి ఎగిరి సముద్రంలో పడింది.

"దొరికింది! చూశావా షఫీ! ముఠా గుండెల్లోకి, ముఠా కోటులోకి చొరబడ్డాను! పడ్డాననుకున్నావా? దూకాను! వాళ్ళ నమ్మకం సంపాదించడానికి!"

"ముఠానా?" అన్నాడు మీసాల పెద్దాయన.

"ఏమంటున్నడు?" అన్నాడు ఇంకొకతను.

"నీళ్ళు మింగిండు, జర సేపు వాగుతడు," అని గంగన్న తేల్చేశాడు. అప్పుడే ఓబులయ్య మ్యూజియం వైపు నుంచి రొప్పుకుంటూ వచ్చి పడ్డాడు. జలంధర్ చేతిలో తాళం చూశాడు, ఒంటి మీద కోటు చూశాడు, షఫీని చూశాడు. మొహం ఒక రంగు పోయి ఇంకో రంగు వచ్చింది.

"ఓబులన్నా!" అన్నాడు గంగన్న పెద్దగా నవ్వుతూ. "ఫోటో దిగేటప్పుడు తాళం వేలికేసి తిప్పుకుంట నిలబడితివి గద, నా కారేనన్నట్టు! గట్లనే జేబుల ఏసుకుని కోటు ఇచ్చినవా ఏంది? మేం జేబులు యాడ జూస్తం!"

జలంధర్‌కు వినబడలేదు. చెవుల్లో నీళ్ళు. పైగా అతను అప్పటికే మీసాల పెద్దాయనకు తన కార్డు ఇస్తున్నాడు. షఫీకి మాత్రం ప్రతి ముక్కా వినబడింది.

గంగన్న షఫీ వైపు తిరిగాడు. "మా క్యాంపోళ్ళందరికి గీ కోటు ఒక్కటే తమ్మీ. సూక్ బజార్ల పాతది కొన్నం. శుక్రారం శుక్రారం బయటికొచ్చి ఒక్కొక్కలం తొడుక్కుని, మంచి కారు కనవడితే పక్కన నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపుతం. ఊరోళ్ళకు గల్ఫంతా దుబాయే, దుబాయ్ అంటే గదే గద. ఇసుకల నిలబడి పంపితే మా అమ్మ ఏడుస్తది." తర్వాత ఆకాశం చూసి, "ఏ, కోటియ్యి బిడ్డా! ఇంకొకడున్నడు ఫోటోకు, వెలుతురు పోతున్నది!"

"కోటు ఇవ్వను! సాక్ష్యం!" అన్నాడు జలంధర్.

షఫీ వెనక నుంచి కోటు లాగేశాడు. పదిహేడేళ్ళ జీవితంలో ఒక పెద్దవాణ్ణి ఎదిరించడం అదే మొదటిసారి. ఒక బక్కపలచని కుర్రాడు దాన్ని తడితోనే తొడుక్కుని పరుగెత్తుకుంటూ పడవ ముందు నిలబడ్డాడు.

కారు వైపు నడుస్తుంటే ఓబులయ్య షఫీ పక్కకు జరిగాడు. "అబ్బీ," అన్నాడు నేల చూస్తూ, "మీ నాయనతో అనద్దు. ఊరంతా నవ్వుతారు. నా పెండ్లాం ఆంజనమ్మ ఎప్పుడూ అడగదు గానీ... బిడ్డ అడుగుతాదంట, నాయన ఎట్లుంటాడని. అందుకని, నేను మళ్ళా ఇటు వచ్చినాక సూసుకునేదానికి రవ్వంత బాగుండే ఫోటో ఒకటి ఇచ్చి రావాలని..." ఆగిపోయాడు. "మేడమోళ్ళకు తెలిస్తే సొంత బండి మాదిరి దాని మీద సెయ్యి ఏసి నిలబడ్యాడని అంటారు. అంతే, ఇంక అయిపాయ."

"నేనేమీ వినలేదు మామా. నా చెవుల్లో కూడా నీళ్ళు పడినాయి," అన్నాడు షఫీ.

కారు దగ్గర సునంద ఎదురుచూస్తోంది. అన్నను పై నుంచి కింది దాకా చూసింది. తడి, జిగురు, నీలం పెదాలు, జుట్టులో చిన్న చేప పొలుసు. కెమెరా ఎత్తి ఫోటో తీసింది.

దారి పొడుగునా జలంధర్ కేసు వివరించాడు. బహురూపి ఎలా ఎత్తు మార్చాడు, పొడి ఎలా చల్లాడు, తను ఎలా దూకాడు. ఓబులయ్య అద్దంలో వెనక సీటు తడవకుండా పరిచిన తువ్వాలును, ముందు అద్దంలోంచి వాలుతున్న సూర్యుణ్ణి మార్చి మార్చి చూస్తున్నాడు. రౌండెబౌట్ దగ్గర ట్రాఫిక్. ఎవరి గుండె చప్పుడు వాళ్ళకు వినబడుతోంది, జలంధర్‌ది తప్ప. అతని నోటి చప్పుడులో అది వినబడదు.

అల్ ఘర్రాఫా గేటు ముందు కారు ఆగింది. అల్లాహు అక్బర్... అజాన్ అప్పుడే మొదలైంది.

ముసలమ్మ నల్ల అబాయాలో, చేతికర్రతో గేటు దగ్గర సిద్ధంగా ఉంది. పక్కన ఆ ఇంటి పెద్ద కొడుకు. కారు చుట్టూ ఒకసారి నడిచాడు. బానెట్ చూశాడు, తలుపులు చూశాడు. ఓబులయ్య గుడ్డ పట్టుకుని వెనకే నడిచాడు. అంతా బాగుంది, అంతా సరిగ్గా ఉంది, ఇంకొక్క నిమిషం ఎవరూ నోరు విప్పకుండా ఉంటే చాలు...

"సర్!" అంటూ దిగాడు జలంధర్. తువ్వాలు భుజాన వేసుకుని, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, మీ కారు మీద పెద్ద ముఠా కన్ను పడింది సార్, తాళం చెవి ఎత్తుకెళ్ళారు సార్, నేను సముద్రంలో దూకి తెచ్చాను సార్, అని చేతులతో ఈత కొట్టి మరీ చూపించాడు.

పెద్ద కొడుక్కి ఇంగ్లీషు అంతంతమాత్రం. కనుబొమలు ముడిచి, షఫీ వైపు తిరిగి, వీడేమంటున్నాడని అరబ్బీలో అడిగాడు. షఫీ స్కూల్లో అరబ్బీ నేర్చుకున్నాడు.

ఓబులయ్య షఫీని చూశాడు. ఆ చూపులో మూడేళ్ళున్నాయి, ఒక చిన్న పిల్ల ఉంది, చించి గాలికి వదిలేసిన టికెట్టు ఉంది.

షఫీ అరబ్బీలో చెప్పాడు. "ఇతను ఇండియా నుంచి వచ్చాడు. సముద్రం ఎప్పుడూ చూడలేదట. చూడగానే సంతోషం పట్టలేక దూకేశాడు. మీ డ్రైవర్ ఎంత మంచివాడంటే, కారు తడుస్తుందని ఇతన్ని సగం దారి నడిపిద్దామనుకున్నాడు. మేమే బతిమాలాం."

పెద్ద కొడుకు జలంధర్‌ను చూశాడు. జలంధర్ ఇంకా ఈత కొట్టి చూపిస్తున్నాడు. పెద్ద కొడుకు ముందు నవ్వు ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. ముసలమ్మ కూడా ముసుగులో భుజాలు కదిలించింది. కొడుకు నవ్వుతూనే ఓబులయ్య వీపు మీద చరిచి, నీ టికెట్టు వచ్చింది, గురువారం విమానం, పాస్‌పోర్టు బుధవారం ఇస్తాను, యల్లా, అమ్మను ఎక్కించు, అన్నాడు.

ఓబులయ్య ముసలమ్మకు తలుపు తీశాడు. ఆమె కూర్చున్నాక దాన్ని మళ్ళీ పాపాయిని పడుకోబెట్టినట్టు మూశాడు.

టాక్సీ కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు జలంధర్ అడిగాడు. "ఏమన్నాడు షఫీ? ఎందుకు నవ్వాడు?"

షఫీ అలిసిపోయి ఉన్నాడు. ఇంకో అబద్ధం పెద్ద బరువేం కాదనిపించింది. "గల్ఫ్ మొత్తంలో నీలాంటి డిటెక్టివ్‌ను సూడలేదన్నాడన్నా."

సునంద తల పక్కకు తిప్పుకుంది.

జలంధర్ భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు.  తర్వాత నెమ్మదిగా, గంభీరంగా అన్నాడు.

"అయితే షఫీ, ఆ మాటే అరబ్బీలో రాయించి సంతకం పెట్టించుకోవాలి. హైదరాబాదులో ఆఫీసు తెరిచినప్పుడు ఫ్రేము కట్టించి గోడకు పెడతా. రేప్పొద్దున్నే నేనే వెళ్తాను. ఈసారి మొత్తం కేసు మొదట్నుంచీ వివరంగా చెబుతా. నాన్న ఆఫీసులో ఒక ఈజిప్టు ఆయనున్నాడు, తెలుగు రాదు గానీ నా హిందీ అర్థం చేసుకుంటాడు, ఆయన్ని తీసుకెళ్ళి తర్జుమా చేయిస్తా. మెరూన్ కోటు, ముఠా, పొడి, అన్నీ!"

షఫీ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు. గురువారానికి ఇంకా బోలెడు రోజులున్నాయి. పాస్‌పోర్టు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది. జలంధర్‌కు నిజం చెబితే రాత్రికల్లా వేణుగోపాలరావుగారికి తెలుస్తుంది, రేపటికి నాన్న షాపుకు, ఎల్లుండికి ఊరికి. చెప్పకపోతే రేప్పొద్దున్నే ఈ మనిషి ఆ గేటు ముందు ఈత కొడతాడు.

ఇక ఒక్కటే దారి మిగిలింది. అరబ్బీలో షఫీ చేతిరాత బాగుంటుంది, స్కూల్లో ప్రైజు కూడా వచ్చింది. రాత్రి కూర్చుని ఆ సర్టిఫికెట్టేదో తనే రాసి, కింద ఏదో ఒక సంతకం గీకి, "నువ్వు పోనక్కర్లేదన్నా, నేనే తెచ్చినా" అని చేతిలో పెడితే... ఒక మహా మూర్ఖుణ్ణి గోడకెక్కించినట్టే, జీవితాంతం. రేపు ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని సబ్బులు పోతాయో, ఎంతమంది వార్డెన్లు జైలుకెళ్తారో.

టాక్సీ వచ్చి ఆగింది. జలంధర్ ముందు సీట్లో కూర్చుని డ్రైవర్ను అనుమానంగా చూడడం మొదలుపెట్టాడు.

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు? పెన్ను తీస్తారా, నిజం చెబుతారా?